ఎల్ఆర్‌పీఎస్‌కి పది ఫొటోలు: పన్నెండు దగ్గర ఆగిపోయాను, ఏ రెండు తీసేయాలి?

లలిత_గోదారి · కాకినాడ

అందరికీ నమస్కారం. బ్రిటన్‌లోని రాయల్ ఫొటోగ్రాఫిక్ సొసైటీ (ఆర్‌పీఎస్) వాళ్ళ ఎల్ఆర్‌పీఎస్ బిరుదుకి ప్రింట్లు పంపుదామని కూర్చున్నాను. పది కావాలి. పన్నెండు దాకా వడపోశాను, అక్కణ్ణుంచి చెయ్యి రావట్లేదు. ఆల్బమ్ లింకు పెట్టాను. తెరుచుకోనివాళ్ళకి మాటల్లో చెప్తాను, ఈ నంబర్లతోనే మాట్లాడుకుందాం.

1 ఉప్పాడ ఒడ్డున అలివి వల లాగుతున్న జాలర్లు, అడ్డం ఫొటో, అందరూ కుడివైపుకి ఒరిగి లాగుతున్నారు. 2 అదే ఊళ్ళో జాందానీ మగ్గం మీద నేసే ఆవిడ వేళ్ళు, నిలువు. 3 కోరింగ మడ అడవిలో చెక్క వంతెన, నిలువు, బ్లాక్ అండ్ వైట్. 4 ఆటపాకలో ఎగురుతున్న పెలికాన్, అడ్డం, కుడివైపుకి పోతోంది. 5 కనుమనాడు జగ్గన్నతోట తీర్థానికి వెళ్ళే ప్రభని కౌశిక కాలవలోంచి భుజాల మీద దాటిస్తున్న కుర్రాళ్ళు, అడ్డం. 6 మా పక్కింటి తాతగారు కిటికీ వెలుగులో, నిలువు, బ్లాక్ అండ్ వైట్, ఎడమకి చూస్తున్నారు. 7 రాజమండ్రి హేవ్‌లాక్ వంతెన లాంగ్ ఎక్స్‌పోజర్ (షట్టర్ చాలాసేపు తెరిచి ఉంచి తీసింది), అడ్డం, బ్లాక్ అండ్ వైట్. 8 ఆత్రేయపురంలో కుండ మీంచి పూతరేకు లేపుతున్న చేతులు, నిలువు, చేతులు ఎడమ పక్కనుంచి వస్తాయి. 9 ఇసక మీద తాటాకు నీడలు, నిలువు, కలర్. 10 ధవళేశ్వరం బ్యారేజీ గేట్లు వరసగా, అడ్డం. 11 పాపికొండల్లో పొద్దుటి మంచు, అడ్డం. 12 వానలో బస్సు అద్దంలోంచి సూటిగా మనకేసి చూస్తున్న పాప, నిలువు.

4కీ 11కీ ఫేస్‌బుక్‌లో బాగా పేరొచ్చింది కాబట్టి అవి రెండూ ఖాయం అనుకుంటున్నాను. మిగతావాటిల్లో ఏ రెండు పోవాలి?

కొత్తలెన్స్ · గుంటూరు

అడగడానికి సిగ్గుగా ఉంది కానీ, ఇది పోటీయా అండీ? ఫస్టు సెకండు ఇస్తారా?

శిరీష_లెస్టర్ · యూకే

పోటీ కాదు తమ్ముడూ. నీ పని ఒక స్థాయికి చేరిందా లేదా అని చూసి బిరుదు ఇస్తారు, పక్కవాళ్ళతో పోలిక ఉండదు. సొసైటీ 1853లో లండన్‌లో పుట్టింది. మూడు మెట్లు: లైసెన్షియేట్‌కి (ఎల్ అంటే ఇదే) పది ఫొటోలు, అసోసియేట్‌కి పదిహేను, ఆపైన ఫెలోషిప్. అసోసియేట్ నుంచి పైకి వెళ్తే స్టేట్‌మెంట్ ఆఫ్ ఇంటెంట్ అని ఒకటి రాయాలి, నువ్వేం చెప్పదలుచుకున్నావో 150 పదాల్లో. ఎల్‌కి ఆ రాత లేదు, కాబట్టి ఫొటోలే మాట్లాడాలి.

లలితా, నేను ఎల్ ప్రింట్లతోనే చేశాను. నువ్వడిగిన ప్రశ్నలోనే తిరకాసు ఉంది. మంచివి పది ఏరడం కాదు అక్కడ పని. పదీ ఒకేసారి గోడకి పెడతారు, ముందు దూరంగా కూర్చుని మొత్తం చూస్తారు, తర్వాత లేచి దగ్గరకొచ్చి ఒక్కో ప్రింటూ చూస్తారు. అందుకే ఆ అమరికనే పదకొండో ఫొటో అంటారు ఇక్కడ. ఏది ఎక్కడ ఉండాలో చూపే ఆ హ్యాంగింగ్ ప్లాన్ నువ్వే గీసి పంపాలి.

తేడా తెలియాలంటే ఇంకోటి చెప్తా. ఇక్కడి ఫొటో క్లబ్బుల సమాఖ్య సీపీఏజీబీ అని ఇంకో బిరుదు ఇస్తుంది. అక్కడా పదే ఫొటోలు. కానీ ఒక్కోటి విడిగా తెర మీదకి వస్తుంది, ఆరుగురు జడ్జీలు మార్కులు నొక్కుతారు, మొత్తం 200 వస్తే గట్టెక్కినట్టు. అక్కడ నీ పెలికాన్ ఎక్కువ మార్కులు తెచ్చి ఇంకో నీరసం ఫొటోని మోసుకుపోగలదు. ఆర్‌పీఎస్‌లో ఆ మోత ఉండదు. ఒక్క ఫొటో తేలిపోయినా కళ్ళన్నీ దాని మీదే పడతాయి.

వరంగల్_వాసు

అక్కా, లైకులు సూసి పెడితే అయిపాయె ఇగ. ఫోన్ల 11 మస్తుంటది, ఎందుకంటే రెండించుల తెర మీద మంచు, కొండ, ఎర్ర సూర్యుడు కనవడితే బొటనవేలు దానంతటదే లేస్తది. గదే ప్రింటు తీసి మొఖం దగ్గర పెట్టుకొని సూడు. పది మంది హీరోలని ఒక్క సిన్మాల పెడితే కథ యాడ నడుస్తది? నాకైతే 4, 11 రెండు పోవాలె.

లలిత_గోదారి

వాసూ నువ్వు నా గుండెకాయ మీదే చెయ్యేశావు 😄 11 ఎందుకు పోవాలో చెప్పు, ఊరికే పో అంటే ఎలా?

పాతకెమెరా_ప్రసాద్ · హైదరాబాద్

అమ్మా లలితా, ఒరిజినల్ సైజు ఫైలు దింపుకుని చూశాను. 11లో కొండ అంచుల వెంబడి తెల్లటి గీత ఉంది. డీహేజ్ స్లైడర్ (ఎడిటింగ్‌లో మసక తీసేసేది) గట్టిగా లాగితే వచ్చేదే అది. నూరు శాతానికి పెంచి ఎడమవైపు రెండో కొండ శిఖరం చూడు, అంచుకి బయట వెలుగు పట్టీ కనిపిస్తుంది, దాని లోపల నల్లటి పట్టీ. ప్రింటులో ఇది తెర మీదకంటే ఎక్కువ కొడుతుంది. సరిచేయవచ్చు, రా ఫైలు (కెమెరా ఇచ్చిన ముడి ఫైలు) నుంచి మళ్ళీ మొదలుపెట్టి మంచుని మంచులాగే వదిలేస్తే చాలు. కానీ అప్పుడు అది మెత్తటి బూడిదరంగు ఫొటో అవుతుంది, నీ 3 ఇప్పటికే ఆ పని ఇంతకంటే బాగా చేస్తోంది.

ఎల్‌లో వాళ్ళు చూసేది ప్రధానంగా రకరకాల పద్ధతులు నీ చేతికి వచ్చాయా అన్నది. విషయం ఒకటే అయినా తప్పు లేదు, పదీ గోదావరి మీదే ఉన్నా అభ్యంతరం ఉండదు. కాబట్టి ప్రతి ఫొటోనీ ఇది కొత్తగా ఏం చూపిస్తోంది అని అడుగు. 7 నిదానమైన షట్టర్. 4 వేగమైన షట్టర్, ఫోకస్ పట్టు. 6 కిటికీ వెలుగు. 9 ఆకారం తప్ప మరేమీ లేని ఫొటో. 10 పునరావృతం. 5 గుంపుని ఒక కూర్పులోకి తేవడం. 11 ఏం చూపిస్తోంది? నువ్వు తెల్లవారుజామున లేచావని. అది మెచ్చుకోదగ్గదే కానీ ప్రింటులో కనపడదు.

కాబట్టి వాసు చెప్పిన సగం ఒప్పుకుంటాను. 11 తీసెయ్. 4 ఉండనీ.

నీటికొంగ · భీమవరం

4 గురించి నాకో ప్రశ్న. గూళ్ళ చెట్ల దగ్గరకి పడవ తోయించి తీసిందా? ఆటపాకలో ఈ మధ్య జనం పెలికాన్లు లేచి ఎగరాలని కేకలు వేయడం కళ్ళారా చూశాను. ఫొటో బాగుంది అనడానికి ముందు ఇది తెలియాలి నాకు.

లలిత_గోదారి

లేదండీ, గట్టు మీంచే, పొడుగు లెన్సుతో. చేపలకి వెళ్ళి తిరిగి వస్తున్న పక్షి అది. గూళ్ళ వైపు వెళ్ళనే లేదు.

నీటికొంగ

అయితే సంతోషం. ఎల్‌లో నేచర్ అని వేరే విభాగం లేదు కాబట్టి నీళ్ళలోంచి చెత్త కవరు చెరిపినా ఎవరూ పట్టుకోరు. కానీ రేపు అసోసియేట్‌కి నేచురల్ హిస్టరీలో వెళ్ళాలనుకుంటే ఇప్పట్నుంచే చెరపడం మానెయ్. అక్కడ ఉన్నది ఉన్నట్టు ఉండాలి, పక్షికి ఇబ్బంది కలిగించకూడదు, ఈ రెండూ ఫొటో అందం కంటే ముందు.

నిర్మొహమాటం · విశాఖ

అసలు మనకెందుకండీ ఈ తెల్లదొరల ముద్ర? డబ్బు కట్టి సభ్యత్వం తీసుకుని, మళ్ళీ ఫీజు కట్టి, పేరు పక్కన నాలుగక్షరాలు. సభ్యత్వం మానేస్తే ఆ అక్షరాలు కూడా వాడుకోకూడదు. ఉప్పాడ జాలరికి ఈ ఎల్ఆర్‌పీఎస్ ఏం చేస్తుంది?

పాతకెమెరా_ప్రసాద్

> ఉప్పాడ జాలరికి ఈ ఎల్ఆర్‌పీఎస్ ఏం చేస్తుంది?

ఏమీ చేయదు. లలిత అలా చేస్తుందని చెప్పలేదు కూడా.

బిరుదుల మోజు దొరలకే ఉందనుకుంటే పొరపాటు. ఫొటోగ్రాఫర్ లాలా దీన్‌దయాళ్‌కి ఆరో నిజాం ఇచ్చిన 'ముసవ్విర్ జంగ్' బిరుదు మాటేమిటి? మన కోరుట్ల నుంచి వచ్చిన ఫొటోగ్రాఫర్ రాజన్‌బాబు గారికి ఎఫ్ఆర్‌పీఎస్ (ఫెలోషిప్) ఉండేది, ఆ అక్షరాలు లేకపోతే ఆయన ఫొటోలు తగ్గిపోయేవా? తగ్గవు. కానీ ఒక సెట్టు సిద్ధం చేయడంలో మనిషి తన ఫొటోలని తానే పరాయివాడిలా చూడటం నేర్చుకుంటాడు. నాకు దాని విలువ అక్కడే కనపడింది. ఫలితం వచ్చిన రోజు ఇంట్లో ఎవరూ అడగను కూడా లేదు.

నిర్మొహమాటం

సెలూన్లకి (పోటీ ప్రదర్శనలకి) పంపి యాక్సెప్టెన్సులు కూడబెట్టి, అంతర్జాతీయ ఫొటోగ్రఫీ సమాఖ్య ఇచ్చే ఏఎఫ్ఐఏపీ బిరుదు తెచ్చుకోవడం నయం కదా, కనీసం నాలుగు దేశాల గోడల మీద ఫొటో పడుతుంది.

వరంగల్_వాసు

అన్నా, అది లెక్క కూడబెట్టుడు, ఇది సెట్టు కట్టుడు. రెండు వేరే పనులు. నేను సెలూన్ల ఎనక శానా ఏండ్లు తిరిగిన, ఆఖరికి ఏమైందంటే సెలూన్ల పాసయ్యే ఫొటోనే తీసుడు అలవాటైంది. కొండ మీద ఒక్క చెట్టు, గొడుగు పట్టుకున్న పిల్ల, పొగల మేకల మంద. చాలిచ్చిన.

మోడరేటర్

బిరుదులు కావాలా వద్దా అన్న వాదన కోసం వేరే థ్రెడ్ తెరిచాను, అక్కడ కొట్టుకోండి. ఇక్కడ లలిత గారి సెట్టు మీదే మాట్లాడండి.

శిరీష_లెస్టర్

11 పోయింది, పదకొండు మిగిలాయి. నా ఓటు 2 తీసేయమని. 2లోనూ 8లోనూ చేతులే. రెండూ ఉంటే తెలియకుండానే పోలిక పెడతాం, ఒకటి ఓడిపోతుంది.

వరంగల్_వాసు

అయితే 8 తియ్యిన్రి, 2 ఉంచున్రి. జాందానీ రంగు సూడు, ఆ నారింజ దారం మీద వేలుగోరు నీడ పడ్డది సూడు. 8 అందరు తీస్తరు, ఆత్రేయపురం పోయిన ప్రతి యూట్యూబరు దగ్గర గదే ఫొటో.

లలిత_గోదారి

అందరూ తీసేది నిజమే కానీ వాసూ, 8లో రేకు వెనక నుంచి వెలుగు వస్తోంది. రేకు కుండ నుంచి సగం లేచిన క్షణం. ఆ పొర ఎంత పల్చనంటే దాని వెనకున్న నాలుగు వేళ్ళూ గులాబీ రంగులో కనిపిస్తాయి, బొటనవేలు మాత్రం బయట ఉంటుంది. అంతకుముందు క్షణం అంతా తెల్లటి ఆవిరే, తర్వాతి క్షణం రేకు ముడుచుకుంటుంది. ఆ తల్లి ఏమో విసుక్కోకుండా రేకు మీద రేకు తీస్తూనే ఉంది. నాకు 8 వదలాలని లేదు.

పాతకెమెరా_ప్రసాద్

8 ఉంచు. అభిమానం కొద్దీ చెప్పట్లేదు. 2లో ఫోకస్ గోరు మీద కాక వెనక పన్నె (మగ్గంలో దారాలు సర్దే దువ్వెన) మీద పడింది, కొద్దిగానే. ప్రింటు దగ్గరకొచ్చి చూసేవాళ్ళు పట్టుకుంటారు. వాసూ, నువ్వు ఫోన్లో చూశావనుకుంటా.

వరంగల్_వాసు

దొరికిపోయిన సార్. ల్యాప్‌టాప్‌ల సూసిన ఇప్పుడు, నిజమే. 2 పోయె.

కొత్తలెన్స్

చిన్న సందేహం. 7లో ఆకాశం బోసిగా ఉంది కదా, ఫొటోషాప్‌లో మబ్బులు రెడీగా ఉంటాయి, అవి పెడితే?

శిరీష_లెస్టర్

వద్దు నాయనా. ఫొటోలో ఉన్న ప్రతి ముక్కా నువ్వు తీసిందే అయి ఉండాలి. ఇంకో రోజు నువ్వే తీసుకున్న మబ్బుని అతికిస్తే ఒప్పుకోవచ్చు, సాఫ్ట్‌వేర్‌తో వచ్చిన మబ్బు నీది కాదు. ఏఐతో పుట్టించినవాటికీ అదే మాట. అయినా 7కి బోసి ఆకాశమే అందం. 1997లో రైళ్ళు ఆగిపోయిన వంతెన అది, పైన ఏమీ కదలకపోవడమే బాగుంది.

పాతకెమెరా_ప్రసాద్

ఆ బోసి ఆకాశంలోనే ఒక పని ఉంది. లాంగ్ ఎక్స్‌పోజర్ కోసం లెన్సు బాగా మూసి తీసి ఉంటావు, సెన్సర్ మీది దుమ్ము మచ్చలు అప్పుడే బయటపడతాయి. కుడి పైమూలలో మూడు, మధ్య స్తంభానికి పైన ఒకటి లెక్కపెట్టాను. కాంట్రాస్ట్ తాత్కాలికంగా విపరీతంగా పెంచి చూడు, ఇంకా కనపడతాయి. అన్నీ శుభ్రం చేశాక కాంట్రాస్ట్ మామూలుకి తే.

5కి కూడా రెండు మాటలు. ముందు వరసలో కుర్రాడి తడి పంచె పూర్తిగా తెల్లబడి మడతలు పోయాయి, రా ఫైల్లో ఉన్నాయేమో వెనక్కి తే. కుడి అంచున ఎవరిదో చెయ్యీ సెల్‌ఫోనూ సగం తెగి ఉన్నాయి. నీళ్ళు, మీద ప్రభ, మెడ దాకా మునిగిన మొహాలు, అంత గొప్ప ఫొటోలో కన్ను పోయి ఆ సెల్‌ఫోన్ మీద ఆగుతోంది. కుడి నుంచి కొంచెం కత్తిరించు.

లలిత_గోదారి

పంచె మడతలు వచ్చాయి! సెల్‌ఫోన్ కత్తిరించాను. ఇప్పుడు అమరిక. పైన అయిదు కింద అయిదు. మీరు చెప్పిన ప్రకారం అడ్డం ఫొటోలు 1, 4, 5, 7, 10. నిలువువి 3, 6, 8, 9, 12. సరిగ్గా అయిదూ అయిదూ. ఇలా పెట్టాను:

పైన: 1, 9, 7, 3, 4
కింద: 12, 5, 8, 10, 6

శిరీష_లెస్టర్

వావ్, పైన అడ్డం నిలువు అడ్డం నిలువు అడ్డం, కింద దానికి తిరగేసి. ఈ కుదురు చూడగానే సగం మనశ్శాంతి. 1 ఎడమ చివర ఉండి లోపలికి లాగుతోంది, బ్రహ్మాండం. 6 తాతగారు కుడి చివర ఉండి లోపలికి చూస్తున్నారు, అదీ సరే. కానీ 4? పెలికాన్ కుడి చివర ఉండి కుడికే ఎగిరితే బయటికి పారిపోతోంది.

వరంగల్_వాసు

ఫొటో తిప్పెయ్యి అక్కా, అద్దంల లెక్క. పక్షికి కుడి ఎడమ ఏంది?

నీటికొంగ

😐

పాతకెమెరా_ప్రసాద్

తిప్పడం నేరం కాదు, ఎల్‌లో చాలామంది తిప్పుతారు. కానీ దేన్ని తిప్పొచ్చో చూసుకోవాలి. 1ని తిప్పలేవు, పడవ మీద రిజిస్ట్రేషన్ నంబరు ఉంది. 6ని తిప్పితే తాతగారి చొక్కా గుండీలు ఆడవాళ్ళ జాకెట్టు వైపుకి మారతాయి. పెలికాన్‌ని తిప్పితే నీటికొంగ గారు తప్ప ఎవరూ బాధపడరు.

నీటికొంగ

నేను బాధపడటం ఒక్కటే కాదు. లలిత గారు గట్టు మీద పొద్దంతా కూర్చున్నారంటే ఎడమకి ఎగిరిన పక్షి ఒక్కటీ రాలేదా? కార్డు వెతకండి.

లలిత_గోదారి

వెతికాను. ఉంది! ఎడమకి వస్తూ నీళ్ళ మీద దిగబోతున్న ఫ్రేము, రెక్కలు వెనక్కి విప్పి, పాదాలు ముందుకి చాపి. మొదట్లో రెక్క అంచు నీడలో ఉందని పక్కన పడేశాను. నీడ కొంచెం తెరిస్తే ఈకలు విడివిడిగా కనిపిస్తున్నాయి. ఆల్బమ్‌లో 4బి అని పెట్టాను చూడండి.

నీటికొంగ

ఇది ముందుదానికంటే ఎంతో మేలు. ముందుది పక్షి, ఇది పక్షి చేస్తున్న పని.

వరంగల్_వాసు

సరే, నేను తగ్గుతున్న. 4బి ఉండాలె. ఇంకోటి. కింద నడుమ 8 కాదు, 12 పెట్టు. పాప సీదా మనదిక్కు సూస్తున్నది, అసుంటి సూపు సివర్ల ఉంటే ఇగురం ఉండదు. 8ల చేతులు ఎడమ దిక్కు నుంచి వస్తున్నయ్ కద, దాన్ని ఎడమ సివరకి తే.

శిరీష_లెస్టర్

వాసుకి చప్పట్లు. నేను కాగితం మీద ముక్కలు కత్తిరించి మార్చి చూశాను, సరిగ్గా కుదిరింది. పైన నడుమ వంతెన, దాని కింద నడుమ పాప.

ఇప్పుడు బ్లాక్ అండ్ వైట్ చూడు. 7, 3, 6. మధ్య నుంచి కుడివైపుకే బరువంతా ఒరిగింది. ఎడమ సగంలో ఒక్కటీ లేదు.

పాతకెమెరా_ప్రసాద్

9లో రంగు ఏం పని చేస్తోంది? ఇసక రంగు, నీడ రంగు, అంతే. దాన్ని బ్లాక్ అండ్ వైట్ చెయ్. అప్పుడు పైన 9, 7, 3 నడుమ మూడూ ఒక్క జట్టు, అటూ ఇటూ రెండు కలర్. కింద 6 ఒంటరి అవుతుంది. దానికి రంగు ఉందా?

లలిత_గోదారి

ఉంది ప్రసాద్ గారూ. తాతగారి వెనక నీలం కలిపి సున్నం వేసిన గోడ. పోర్ట్రెయిట్ అంటే బ్లాక్ అండ్ వైటే అని అలవాటుగా మార్చేశాను.

పాతకెమెరా_ప్రసాద్

కలర్ పెట్టి చూపించు.

లలిత_గోదారి

పెట్టాను, 6సి. నీలం కొద్దిగా తగ్గించాను.

శిరీష_లెస్టర్

ఇదే. అలవాటుగా మార్చేశావని చూస్తేనే తెలుస్తోంది, ఈ నీలం ఎలా చంపుకున్నావసలు! పైగా 12లో బస్సు అద్దం మీది నీలి ఛాయ, 8లో మంట నారింజ, 6లో గోడ నీలం, కింది వరసకి ఒక రంగు వచ్చేసింది.

పైన: 1, 9, 7, 3, 4బి
కింద: 8, 5, 12, 10, 6సి

నాకు ఇక ఏమీ కదపాలని లేదు. కానీ మా మాట విని ఊరుకోకు. సొసైటీ వాళ్ళే అడ్వైజరీ సెషన్లు పెడతారు, ఆన్‌లైన్‌లో వన్ టు వన్ కూడా. అక్కడ చెప్పేవాళ్ళు ఇలాంటి సెట్లు బోలెడు చూసినవాళ్ళు. వాళ్ళు బాగుందన్నంత మాత్రాన పాసైనట్టు కాదని మాత్రం గుర్తుంచుకో, చివర చూసేది వేరే బృందం.

కొత్తలెన్స్

నాకు 10 ఎందుకుందో అర్థం కాలేదు. ఉత్త గేట్లే కదా.

వరంగల్_వాసు

తమ్మీ, గదే వరసల 5 సూడు. వందల మొఖాలు, నీళ్ళు, కేకలు. 12ల ఒక మొఖం. దాని పక్కన ఇంకో మొఖం పెడితే కన్ను అలిసిపోతది. గేట్లు గందుకే, ఊపిరి తీస్కోనీకి. ఆరో గేటు మీద కొంగ కూసున్నది, సూసినవా?

కొత్తలెన్స్

ఇప్పుడు చూశాను 😀

ల్యాబ్_బాషా · రాజమండ్రి

మీరంతా కంప్యూటర్లోనే కట్టేస్తున్నారు, ప్రింటు మాట ఎవరూ ఎత్తట్లేదేంటి? మేడమ్, మామూలు ల్యాబుకి పెన్‌డ్రైవ్ ఇచ్చేస్తే ఏమవుతుందో చెప్తాను వినండి. మా మెషీన్లు పెళ్ళి ఆల్బములకి అలవాటు పడ్డవి. ఆటో కరెక్షన్ ఆన్‌లో ఉంటే ప్రతి మొహాన్నీ తెల్లగా చేస్తాయి. మీ తాతగారు పెళ్ళికొడుకులా వస్తారు. 7లో నల్లని వంతెనని బూడిద చేస్తాయి. ఆపరేటర్ పక్కన నిలబడి అది ఆఫ్ చేయించాలి, ఎవరి ల్యాబైనా సరే.

ఇంకోటి, ల్యాబ్ మెషీన్లో బ్లాక్ అండ్ వైట్ వేస్తే కొద్దిగా ఆకుపచ్చో గులాబీయో కొడుతుంది. మీకు 9, 7, 3 మూడూ పక్కపక్కన ఉన్నాయి, ఒకటి ఆకుపచ్చ కొట్టి ఒకటి కొట్టకపోతే అయిపోయింది. పిగ్మెంట్ ఇంకుతో ఇంక్‌జెట్‌లో వేయించండి, పదీ ఒకే పేపరు మీద, ఒకే రోజు.

లలిత_గోదారి

బాషా భాయ్, పేపరు ఏది? కాటన్ మ్యాట్ బాగుంటుందని చదివాను.

ల్యాబ్_బాషా

మ్యాట్ చేత్తో పట్టుకుంటే రాజసంగా ఉంటుంది మేడమ్, కాదనను. కానీ నలుపు అంత లోతు రాదు, 7 పల్చబడుతుంది. నిగనిగలాడే గ్లాసీ అయితే లైటు కొడుతుంది. నేనైతే మరీ మెరవని లస్టర్ అంటాను, లేదా బరైటా అని కొంచెం ఖరీదైనది. మీకు చిక్కు 8 దగ్గర. ఆ రేకు తెలుపు 255లో 245 దాటిన చోటల్లా పేపరు తెలుపే మిగులుతుంది, రేకు ఉందో లేదో తెలీదు. ఫైల్లో దాన్ని కాస్త కిందకి లాగి తెండి.

మీ మానిటర్ బ్రైట్‌నెస్ ఎంత పెట్టుకున్నారు? నూటికి నూరు పెట్టుకుని ఎడిట్ చేసి ప్రింటు నల్లగా వచ్చిందని నా మీద కేకలేసేవాళ్ళు రోజూ ఉంటారు.

పాతకెమెరా_ప్రసాద్

బాషా చెప్పింది అక్షరాలా నిజం. మానిటర్ క్యాలిబ్రేట్ చేసే పరికరం ఎవరి దగ్గరైనా అరువు తెచ్చుకో, వెలుగు 100 క్యాండెలాల చుట్టుపక్కల పెట్టు. తర్వాత పేపరు ప్రొఫైల్ బాషాని అడిగి సాఫ్ట్ ప్రూఫ్ (ఆ పేపరు మీద ఎలా వస్తుందో తెర మీదే చూపేది) చూసుకో. ఆఖరికి పదీ చిన్నవిగా ఒకే షీటు మీద వేయించి, ట్యూబ్‌లైటు కింద కాకుండా పగటి వెలుగులో కిటికీ పక్కన చూడు. అప్పుడు 9 మిగతా రెంటికంటే చప్పగా ఉందని తెలియొచ్చు. పెద్ద ప్రింట్లకి ముందే తెలియడం మంచిది.

షార్పెనింగ్ ఆఖర్న, ప్రింటు కొలతకి తెచ్చాకే. 4బి ఈకల మీద అతిగా చేస్తే తీగల్లా నిలబడతాయి.

శిరీష_లెస్టర్

మౌంట్ల (ప్రింటు చుట్టూ వచ్చే అట్ట బోర్డుల) విషయం. పదీ బయటి కొలత ఒకటే ఉండాలి, బోర్డు రంగు ఒకటే, తెలుపో లేత తెలుపో. నల్ల మౌంటు వద్దు. 1లో ఆకాశం తెల్లగా ఉంది కాబట్టి పదింటికీ సన్నటి బూడిద గీత పెట్టుకో, లేకపోతే ఫొటో ఎక్కడ ముగిసిందో తెలియదు. గీత ఒక్కదానికి పెట్టి మిగతావాటికి మానేస్తే కుదరదు.

లలిత_గోదారి

మా దగ్గర ఫొటో ఫ్రేములు కట్టే షాపతను విండో మౌంటు కోస్తానన్నాడు. నమూనాకి ఒకటి కోయిస్తే మూలల్లో పీచు లేచింది, ఒక మూల గీత దాటి కోత ముందుకెళ్ళింది.

ల్యాబ్_బాషా

బ్లేడు మొద్దుబారి ఉంటుంది. రెండు మూడు బోర్డులకొకసారి కొత్త బ్లేడు వేయాలి, వాళ్ళు నెలకోసారి వేస్తారు. బ్లేడ్ల ప్యాకెట్టు మీరే కొని చేతికివ్వండి, సిగ్గుపడి మారుస్తాడు. ఫెవికాల్ మాత్రం తగలనివ్వకండి మేడమ్. మన కోస్తా తేమకి రెండో రోజుకే ప్రింటు ఉబ్బుతుంది. పైఅంచున మాత్రం పేపరు టేపుతో వేలాడదీసినట్టు అంటించాలి, మిగతా మూడు వైపులూ వదిలేయాలి, అప్పుడు పేపరు సాగినా ముడతపడదు.

నిర్మొహమాటం

ఇంత చేసి ప్రింట్లు ఇంగ్లండ్ పంపే బదులు డిజిటల్‌గా అప్‌లోడ్ చేయొచ్చుగా. కొరియర్ ఖర్చు, కస్టమ్స్, దారిలో మూలలు నలగడం. విమర్శ కాదు, నిజంగానే అడుగుతున్నా.

శిరీష_లెస్టర్

చేయొచ్చు, డిజిటల్‌గా కూడా ఇదే బిరుదు, విలువలో తేడా లేదు. నిజానికి ఇండియా నుంచి చాలామంది అలాగే చేస్తారు. ఫైలు కొలతలు మాత్రం సొసైటీ వెబ్‌సైట్‌లో ఆ రోజు ఉన్నవే చూసుకోవాలి, పాత బ్లాగులవి కాదు.

లలిత_గోదారి

ఆలోచించాను. ప్రింట్లే పంపుతాను. 8 నాకు కాగితం మీదే కావాలి. తెర మీద ఆ రేకు వెలుగుతుంది, అందులో నా గొప్ప ఏముంది, వెనక బల్బు ఉంది. కాగితం మీద అది వెలుగుతున్నట్టు కనపడితే అప్పుడు నేను ఏదో చేసినట్టు.

వరంగల్_వాసు

గిది మాట. పోయినా మంచిదే, రాతపూర్వకంగ ఫీడ్‌బ్యాక్ ఇస్తరట కద, గది ఈడ పెట్టు, అందరం సదువుకుంటం.

శిరీష_లెస్టర్

పార్శిల్ మీద డిక్లరేషన్‌లో 'ఫొటో ప్రింట్లు, అమ్మకానికి కాదు' అని స్పష్టంగా రాయి. బోర్డుల మధ్య టిష్యూ పెట్టు, బయట రెండు వైపులా గట్టి ప్లైవుడ్ ముక్క. మౌంట్ల వెనక పేరు, నంబరు, పై వైపు ఎటో చూపే బాణం గుర్తు. 9కి బాణం మర్చిపోతే తలకిందులు పెట్టేస్తారు, తాటాకు నీడకి పైనేది కిందేది!

లలిత_గోదారి

నిజమే, మా ఆయన ఇప్పటికే 9ని తిరగేసి చూసి బాగుందన్నారు 😂 బాషా భాయ్, ఎప్పుడు రమ్మంటారు?

ల్యాబ్_బాషా

సోమవారం సెలవు మేడమ్. మంగళవారం పదింటికి రండి, పెళ్ళి ఆర్డర్లు పదకొండు తర్వాతే మొదలెడతాం. జేపెగ్ కాదు, టిఫ్ ఫైళ్ళు తెండి, 300 డీపీఐకి కొలత పెట్టి. పేపరు ప్రొఫైల్ ఈ రాత్రికి మీకు మెసేజ్ చేస్తాను. ముందు చిన్నవి ఒక షీటు వేద్దాం, మా మేడ మీద పగటి వెలుగులో చూసి అప్పుడు పెద్దవి వేద్దాం. 6సి నీలం నాకెందుకో ఇంకా కొంచెం ఎక్కువ అనిపిస్తోంది, అది రెండు రకాలుగా తెండి.